డీవీడీలో ఉన్న పెళ్ళి వీడియో క్వాలిటీ పోకుండా తీయడం, కట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కర్నూలు. చుట్టాల్లో ఎవరింట్లో పాత డీవీడీ బయటపడినా నాకే తెచ్చిస్తారు, తెచ్చినాక ఫోన్ చేసి అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే డౌట్లు. వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి గొంతు పోతాంది కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. మీకు ఏ డౌట్ ఉంటే అదొక్కటే చదువుకోండి చాలు. ఇదంతా సొంత పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, ఉరుసు, జాతర రికార్డింగుల గురించి.

## మొదలుపెట్టక ముందు

అన్నా, డీవీడీని కంప్యూటర్లోకి ఎక్కిస్తే క్వాలిటీ తగ్గుతాదా?

కాపీ చేస్తే తగ్గదు, కన్వర్ట్ చేస్తే తగ్గుతాది. డీవీడీలో వీడియో ఎంపెగ్-2 అనే పద్ధతిలో ముందే కుదించి పెట్టి ఉంటాది. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి ఇంకో ఫైల్లో పెడితే ఏమీ మారదు, సోనా మసూరి గోతంలోంచి డబ్బాలోకి పోసినట్టు, గింజ గింజా అట్లే ఉంటాది. అదే ఏదో ఒక కన్వర్టర్లో వేసి ఎంపీ4 చేసినారనుకోండి, అది ప్రతి ఫ్రేమునీ విప్పి మళ్ళీ కుదిస్తాది, అంటే ఆడించిన బియ్యాన్నే మళ్ళీ మరకు తీసుకపోయినట్టు, ఎంత మంచి మర అయినా కొంత నూక అయితాది. మనకి కావాల్సింది డబ్బా మార్చడం, మర కాదు.

మా డిస్కులో అసలు క్వాలిటీ ఎంత ఉంటాది?

మన దగ్గర పెళ్ళి డీవీడీలు పాల్ పద్ధతివి (మన దేశంలో టీవీలకి వాడిన పద్ధతి), 720 బై 576 సైజు, సెకనుకి 25 ఫ్రేములు. వీడియో బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా అన్న లెక్క, గరిష్ఠంగా 9.8 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) దాకా పోవచ్చు, కానీ మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీనే కాబట్టి గంట వీడియో అయితే దాదాపు ఆ గరిష్ఠం దగ్గరికి పోవచ్చు, మూడు గంటలు ఒకే డిస్కులో కుక్కితే సౌండుతో కలిపి 3.5 ఎంబీపీఎస్ కూడా రాదు. పూలదండలు, లైటింగ్, జనం కదిలే చోట గళ్ళు గళ్ళుగా కనపడేది అందుకే, అది మీరు తీయడంలో చేసిన తప్పు కాదు, డిస్కు రాసిన రోజే పడిన మచ్చ. మీడియాఇన్ఫో అనే ఫ్రీ టూల్‌లో ఫైలు తెరిస్తే ఈ అంకెలన్నీ చూపిస్తాది.

మాది 2003 పెళ్ళి, డిస్కు మీద వీసీడీ అని ఉంది. అదీ ఇట్లే తీయొచ్చా?

తీయొచ్చు, కాకపోతే అది ఎంపెగ్-1, 352 బై 288 సైజు, అంటే డీవీడీ బొమ్మలో నాలుగో వంతు. ఒక్కో డిస్కులో గంటా పావు దాకానే పట్టేది, అందుకే అప్పటి పెళ్ళిళ్ళు మూడు నాలుగు డిస్కులు ఉంటాయి, అన్నీ దొరికినాయో లేదో ముందు చూసుకోండి. ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్లో డాట్ డీఏటీ ఫైళ్ళుగా ఉంటాది. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే దాని చుట్టూ అదనపు సరుకు కూడా అంటుకుని వస్తాది, వీఎల్‌సీ అనే ఫ్రీ ప్లేయర్లో ఆడుతాది గానీ కట్ చేసే టూల్స్ కొన్ని తికమక పడతాయి. వీసీడీగేర్‌తో ఒకసారి డాట్ ఎంపీజీగా మార్చుకుంటే శుభ్రమైతాది, క్వాలిటీ ఏం పోదు.

ఇప్పటి లాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే జాగానే లేదు కదా, ఏం చేసేది?

యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనుక్కోండి, లేదా ఎవరింట్లోనన్నా మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ ఉంటే అది ఇంకా మేలు. ఒక డ్రైవ్ చదవని డిస్కుని ఇంకో డ్రైవ్ చదవడం మామూలే కాబట్టి ఒక్కదాంట్లో పెట్టి పోయిందని చెప్పొద్దు. యూఎస్‌బీ డ్రైవ్ టక్ టక్ మని ఆగిపోతాంటే పవర్ చాలక కూడా కావచ్చు, హబ్ తీసేసి లాప్‌టాప్‌కే నేరుగా పెట్టి చూడండి.

అంగట్లో కొన్న సినిమా డీవీడీలకి కూడా పనికొస్తాదా?

వాటికి సీఎస్ఎస్ అనే లాక్ ఉంటాది. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో అట్లాంటి లాక్ తప్పించడం మీద కాపీరైట్ చట్టంలో 2012లో 65ఏ సెక్షన్ పెట్టినారు. నేను ఆ పని చేయను, ఇక్కడ చెప్పను కూడా. ఊరి స్టూడియోలు రాసిచ్చిన పెళ్ళి డిస్కులకి మామూలుగా ఏ లాకూ ఉండదు.

## డిస్కులోంచి బయటికి తీసేటప్పుడు

డిస్కు తెరిస్తే వీడియో టీఎస్ ఫోల్డర్లో ఏవేవో ఫైళ్ళు ఉన్నాయి, ఇందులో మా పెళ్ళి ఏది?

పెద్ద పెద్దగా ఉన్న డాట్ వీఓబీ ఫైళ్ళే బొమ్మా సౌండూ. డాట్ ఐఎఫ్ఓ అంటే ఏ చాప్టర్ యాడ మొదలైతాదో చెప్పే పటం, డాట్ బీయూపీ ఆ పటానికి నకలు. వీఓబీల్లో చివర సున్నా ఉన్నది మెనూ, చివర 1, 2, 3 ఉన్నవి అసలు వీడియో. ఒక్కోటి 1 జీబీ దాటకూడదని డీవీడీ రూలు, అందుకే ఒకే పెళ్ళి నాలుగైదు ముక్కలుగా కనపడుతాది.

ఆ వీఓబీలనే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేసుకుంటే అయిపోతాది కదా?

అర్జెంటుగా చూడ్డానికి అయితే సరే, దాచుకోడానికి వద్దు. 1 జీబీ నిండగానే యాడ ఉంటే ఆడ తెగ్గోసి తర్వాతి ఫైల్లో వేస్తాది, పాట మధ్యలోనా మంత్రం మధ్యలోనా అని చూడదు. మా పిన్ని కూతురి పెళ్ళిలో మాంగల్యధారణ సరిగ్గా రెండో ఫైలు చివర మొదలై మూడో ఫైల్లో పూర్తయింది, విడివిడిగా ఆడిస్తే మూడో ముడి దగ్గర టీవీ నల్లగా అయిపోయేది, ఇంట్లో ఆడోళ్ళు అపశకునం అని నన్ను తిట్టినారు. పైగా విడి వీఓబీలో టైమ్ తప్పు చూపిస్తాది, ముందుకు జరిపితే యాడికో పోతాది, చాప్టర్లు కూడా రావు ఎందుకంటే అవి ఐఎఫ్ఓలో ఉంటాయి.

మరి దేంతో తీయాలి, ఏ వరసలో?

నేను చేసేది రెండు మెట్లు. ముందు డిస్కు మొత్తాన్ని ఇమ్‌జ్‌బర్న్‌తో ఒక ఐఎస్ఓ ఫైలుగా తీసుకుంటా, ఇది డిస్కుకి అచ్చు నకలు, మెనూతో సహా. తర్వాత డిస్కు పక్కన పెట్టేసి ఆ ఐఎస్ఓని మేక్ఎంకేవీలో తెరిచి కావాల్సిన టైటిల్‌ని (డిస్కులో ఉన్న ఒక్కో వీడియోని టైటిల్ అంటారు) డాట్ ఎంకేవీగా తీస్తా. మేక్ఎంకేవీ డీవీడీలకి ఫ్రీ, వీడియోని ముట్టుకోదు, ముక్కల్ని సరిగ్గా కలిపి చాప్టర్లు కూడా పెడుతాది. రెండు మెట్లు ఎందుకంటే పాత డిస్కుని పది సార్లు తిప్పితే పదో సారికి చదువుతాదని గ్యారంటీ లేదు, అదే ఐఎస్ఓ చేతిలో ఉంటే ఎన్నిసార్లు తప్పు చేసినా పర్లేదు. బయటికి వచ్చిన ఫైలు సైజు చూడండి, 4 జీబీ డిస్కుకి దాదాపు 4 జీబీ రావాలి, 700 ఎంబీ వచ్చిందంటే మీరు వాడిన సాఫ్ట్‌వేర్ యాడో కన్వర్ట్ చేసేసిందని అర్థం.

మేక్ఎంకేవీలో చిన్న చిన్న క్లిప్పులు కనపడట్లేదు బ్రో

120 సెకన్ల లోపు టైటిళ్ళని అది మామూలుగా వదిలేస్తాది, ప్రిఫరెన్సెస్‌లో వీడియో కింద ఆ అంకె తగ్గించి మళ్ళీ తెరవండి. అట్లే ఒకటే వీడియో రెండు మూడు టైటిళ్ళుగా కనపడితే అన్నిటికంటే పొడుగున్నది తీసుకోండి.

గీతలు పడి సగంలో ఆగిపోతాది, ఇంక ఆశ వదులుకోవాల్సిందేనా?

అప్పుడే కాదు. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకలు రెండు అతికించినట్టు, డేటా వాటి నడుమ ఉంటాది, కాబట్టి పైపై గీత డేటా మీద పడినట్టు కాదు, లేజర్‌కి అడ్డం పడినట్టు. మెత్తటి గుడ్డ తడిపి, ఒక్క చుక్క సబ్బు నీళ్ళతో, మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవొద్దు, డేటా గుండ్రంగానే రాసి ఉంటాది, ఆ దారి వెంబడి గీత పడితే వరసగా ఎక్కువ డేటా పోయి డ్రైవ్ సరిదిద్దుకోలేదు, అడ్డంగా పడిన గీతని మాత్రం చాలావరకు దాటేస్తాది. టూత్‌పేస్ట్ చిట్కా అన్నీ అయిపోయినాక, ఎట్లాగూ పోయింది అనుకున్నాకే.

శుభ్రం చేసినా ఆగుతాంటే మామూలు కాపీ మానేసి లినక్స్‌లో ఉండే డీడీరెస్క్యూ వాడండి. అది ముందు సులభంగా వచ్చే భాగమంతా లాగేసి, మొరాయించే చోట్లని ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని వాటికోసం మళ్ళీ మళ్ళీ తిరుగుతాది. దీంట్లో అసలు మజా ఏందంటే, ఆ మ్యాప్ ఫైలు అట్లే పెట్టుకుని డిస్కుని ఇంకో కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి మిగిలిపోయిన చోట్లు మాత్రమే చదివించొచ్చు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారికి చూడొచ్చు.

2009 అక్టోబర్ వరదకి మా మేనమామ వాళ్ళ పాతబస్తీ ఇల్లు మునిగింది. ఆల్బమ్ ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద అయిపోయినాయి, పారేయాల్సి వచ్చింది. అదే బీరువాలో ఉన్న పెళ్ళి డీవీడీలు మూడు బురదలోంచి తీసి మంచి నీళ్ళల్లో కడిగి నీడన ఆరబెట్టినారు, ఏండ్ల తర్వాత నా దగ్గరికి తెస్తే రెండు మొత్తం వచ్చినాయి, మూడోది రెండు డ్రైవ్‌లు మార్చినాక ఒక్క పాట తప్ప వచ్చింది. అయితే వెనక వైపు ఊదా రంగు పోయి మచ్చలు మచ్చలుగా తెల్లబారి ఉంటే మాత్రం అది గీత కాదు, రంగు పొరే చెడిపోయింది, ఆ భాగం రాదు.

హ్యాండీక్యామ్ చిన్న డిస్కు పెడితే ఖాళీ అని చూపిస్తాది, ఏం పోయినట్టు?

చాలావరకు ఏమీ పోయుండదు, ఫైనలైజ్ చేయలేదు అంతే, అంటే వేరే మెషీన్లు కూడా చదివేలా డిస్కుని ముగించలేదు. ఆ 8 సెంటీమీటర్ల డిస్కులు, 1.4 జీబీవి, రికార్డింగ్ అయినాక కెమెరాలోనే ఫైనలైజ్ కొట్టాలి, అది చాలామందికి తెలీదు. అదే కెమెరా ఇంకా పని చేస్తాంటే అందులో పెట్టి కొట్టండి, కెమెరా లేకపోతే ఐసోబస్టర్ అనే డేటా తీసే టూల్‌తో ప్రయత్నించొచ్చు. విండోస్ ఫార్మాట్ చేయాలా అని అడిగితే మాత్రం కలలో కూడా అవును అనొద్దు. ఈ చిన్న డిస్కుల్ని ట్రే ఉన్న డ్రైవ్‌లోనే పెట్టండి, నోట్లోకి లాక్కునే రకం డ్రైవ్‌లో పెడితే ఇరుక్కుంటాది.

## కట్ చేసేటప్పుడు

మూడు గంటల్లోంచి తలంబ్రాలు, అప్పగింతలు మాత్రమే కావాలి, క్వాలిటీ పోకుండా దేంతో కట్ చేయాలి?

లాస్‌లెస్‌కట్ వాడండి, ఫ్రీ. మొదలు ఒక చోట, చివర ఒక చోట గుర్తు పెట్టి ఎక్స్‌పోర్ట్ కొడితే నిమిషం లోపల ముక్క వచ్చేస్తాది, ఎందుకంటే అది మళ్ళీ కుదించదు, ఉన్నదాన్ని కత్తిరించి ఇస్తాది అంతే. ఎంపెగ్-2ని నేరుగా చూపించలేక అది కొన్నిసార్లు స్క్రీన్ మీద మసక బొమ్మ చూపిస్తాది, భయపడొద్దు, అది మన చూపు కోసమే, కట్ అయ్యేది అసలు ఫైల్లోంచి. అవిడెమక్స్ వాడాలనుకుంటే వీడియో అవుట్‌పుట్, ఆడియో అవుట్‌పుట్ రెండూ కాపీ అని ఉన్నాయో లేదో చూసుకోండి. అరగంట ముక్కకి అరగంట సేపు ప్రోగ్రెస్ బార్ తిరుగుతాంటే మీరు కట్ చేయట్లేదు, కన్వర్ట్ చేస్తాండారు, ఆపేయండి.

నేను పెట్టిన చోట కాకుండా కొంచెం ముందే కట్ అవుతాది, సాఫ్ట్‌వేర్ తప్పా?

తప్పు కాదు, వీడియో కట్టిన తీరే అంత. ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఒక పూర్తి బొమ్మ, దాన్ని కీఫ్రేమ్ అంటారు, దాని తర్వాత వచ్చేవన్నీ ముందు వెనక బొమ్మలతో పోలిస్తే ఏం మారిందో రాసుకున్న చీటీలు. చీటీ దగ్గర కోస్తే అది దేన్ని చూసి బొమ్మ గీయాలి? అందుకే మొదలు ఎప్పుడూ కీఫ్రేమ్ దగ్గరే. మన పాల్ డీవీడీల్లో కీఫ్రేమ్ నుంచి కీఫ్రేమ్‌కి 15 ఫ్రేములు మించకూడదని రూలు, సెకనుకి 25 కాబట్టి 0.6 సెకన్లు, అంటే ఎంత తప్పినా అర సెకను చిల్లర. నెట్లో దొరికే వీడియోల్లో అయితే ఇదే దూరం పది సెకన్ల దాకా ఉండొచ్చు, ఆ లెక్కన డీవీడీ కట్ చేయడం హాయి. నేనైతే కావాల్సిన దానికంటే ఒక సెకను ముందే గుర్తు పెడతా, పంతులు గారి ఒక మాట ఎక్కువ వస్తే ఎవరికి నష్టం.

ముక్క మొదట్లో ఒక్క క్షణం గళ్ళు పడి తర్వాత సర్దుకుంటాది, ఎందుకు?

కీఫ్రేమ్ వెంటనే వచ్చే ఒకటి రెండు ఫ్రేములు అంతకు ముందున్న బొమ్మ మీద కూడా ఆధారపడి ఉండొచ్చు, మీరు ఆ ముందు బొమ్మని కోసి పారేశారు కాబట్టి అవి చెదిరిపోతాయి. మొదలుని పక్క కీఫ్రేమ్‌కి జరిపి చూడండి. సీను మారే చోటు, లేదా స్టూడియో వాళ్ళు నల్లగా చేసి వదిలిన చోటు దొరికితే ఆడ కోయండి, గళ్ళు పడినా కంటికి కనపడదు.

లేదు మామా, సరిగ్గా ఆ ఫ్రేము దగ్గరే కావాలి అంటే?

స్మార్ట్ రెండరింగ్ ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలి. అది కోసిన చోట ఉన్న అర సెకను మాత్రం మళ్ళీ తయారు చేసి మిగతాదంతా కాపీ చేస్తాది. ఎంపెగ్-2కి టీఎంపీజీఎన్క్ ఎంపెగ్ స్మార్ట్ రెండరర్ ఉంది, డబ్బులు పెట్టి కొనాలి. ఇంటి పెళ్ళి వీడియోకి అంత అవసరం అని నేననుకోను.

రెండు డిస్కుల్లోంచి తీసిన ముక్కలు ఒకే వీడియోగా అతికించొచ్చా?

ఒకే స్టూడియో ఒకేసారి రాసిన డిస్కులైతే బాగా అతుకుతాయి, ఎంకేవీటూల్‌నిక్స్‌లో మొదటి ఫైలు వేసి రెండోదాన్ని అపెండ్ చేయండి. సైజు, ఫ్రేమ్ రేటు, సౌండు రకం మూడూ కలవాలి. ఎంగేజ్‌మెంట్ ఒకరు, పెళ్ళి ఇంకొకరు తీసి ఒకదాంట్లో సౌండు ఎంపీ2, ఇంకోదాంట్లో ఏసీ3 ఉంటే బలవంతంగా కలపొద్దు, రెండు ఫైళ్ళుగానే ఉంచుకోండి.

స్టూడియో వాళ్ళు మంత్రాల మీద సినిమా పాట వేసేశారు, అది తీసేసి అసలు సౌండు తేవొచ్చా?

రాదు. ఎడిటింగ్‌లో అసలు సౌండు తీసేసి పాట పెట్టేసి ఉంటే డిస్కులో ఉన్నది ఆ పాటే. నాదస్వరం కూడా మింగేసి డ్యూయెట్ పెట్టిన క్యాసెట్లు మా ఇంట్లోనే మూడున్నాయి, ఏం చేద్దాం.

## తీసినాక బొమ్మ, సౌండు తేడాగా ఉంటే

అందరూ సన్నగా పొడుగ్గా అయిపోయినారు, డిస్కులో బాగానే ఉండ్రి కదా?

720 బై 576 అనేది 4:3 కాదు, 16:9 కూడా కాదు, ఏ వెడల్పుకి సాగదీసి చూపించాలో ఫైల్లో ఒక గుర్తు ఉంటాది, అది తప్పితే మనుషులు నలుగుతారు లేదా ఉబ్బుతారు. ఎంకేవీటూల్‌నిక్స్‌లో హెడర్ ఎడిటర్ తెరిచి డిస్‌ప్లే వెడల్పు 4:3 అయితే 768, 16:9 అయితే 1024, ఎత్తు 576 అని రాసి సేవ్ చేయండి, వీడియోని ముట్టుకోకుండానే సరైపోతాది.

చేయి ఊపితే దువ్వెన పళ్ళ మాదిరి గీతలు వస్తాయి, పాడైందా?

పాడవలేదు. పాత కెమెరాలు ఒక ఫ్రేములో సగం గీతలు ఇప్పుడు, మిగతా సగం మరుక్షణం, సెకనుకి 50 సార్లు తీసేవి, దాన్ని ఇంటర్‌లేస్ అంటారు. పాత టీవీలో కనపడదు, కంప్యూటర్ స్క్రీన్ మీద బయటపడుతాది. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే పోతాది. దాచుకునే ఫైల్లో మాత్రం దీన్ని సరిచేయాలని పోవద్దు, చేసినారంటే మళ్ళీ కుదించాల్సిందే.

ఫోన్లో సౌండ్ వస్తాది బొమ్మ రాదు, లేదా బొమ్మ వస్తాది సౌండ్ రాదు

ఫోన్‌తో వచ్చే ప్లేయర్లు చాలావాటికి ఎంపెగ్-2 గానీ ఏసీ3 సౌండు గానీ అర్థం కాదు. ఫోన్లో వీఎల్‌సీ వేసుకోండి.

ఏఐతో 4కె చేయిస్తే బాగుంటాది అంటాండారు?

ఆడుకోడానికి చేసుకోండి, అసలు ఫైలు జాగ్రత్తగా పెట్టుకుని. అది లేని వివరాన్ని ఊహించి గీస్తాది. మా అవ్వ మొహానికి ఒకాయన చేసి పంపించినాడు, ముడతలన్నీ పోయి ఎవరో సీరియల్ ఆమె మాదిరి అయింది, అమ్మ చూసి ఈమె ఎవరు అనింది.

## పంచుకోవడం, దాచుకోవడం

వాట్సాప్‌లో పంపితే మసకగా పోతాది, ఎట్ల పంపాలి?

వీడియోగా పంపితే వాట్సాప్ కుదిస్తాది, డాక్యుమెంట్‌గా పంపితే ముట్టుకోదు, 2 జీబీ దాకా పోతాది. కాకపోతే అందుకున్న పెద్దోళ్ళ ఫోన్లో ఎంకేవీ తెరుచుకోక మీకే ఫోన్ చేస్తారు. వాళ్ళకోసం హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్లో విడిగా ఒక ఎంపీ4 చేయండి, ఎక్స్264, క్వాలిటీ అంకె 18, డీఇంటర్‌లేస్ ఆన్. ఇది కన్వర్షనే, కొంచెం పోతాది, కానీ అది పంచేదానికి, దాచేది వేరే ఉండాది కదా.

పెన్‌డ్రైవ్‌లో జాగా ఉన్నా ఫైల్ పట్టదు అంటాది?

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్లో ఉంటే ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చొచ్చు, మార్చే ముందు లోపలున్నవి తీసుకోండి ఎందుకంటే ఫార్మాట్ అయితాది. మీ టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదవకపోతే ఎంకేవీటూల్‌నిక్స్‌లో చాప్టర్ దగ్గర రెండు ముక్కలు చేయండి, భోజనాల సీన్ మొదలయ్యే చోటు బాగుంటాది.

ఐఎస్ఓ తీసినాక డిస్కు పారేయొచ్చా?

పారేయొద్దు, కవర్లో పెట్టి ఎండ తగలని చోట ఉంచండి. మన ఊరి మే నెలలో రేకుల కింద అటక మీద డిస్కులు పెట్టడం అంటే వాటిని పెనం మీద పెట్టడమే. స్టిక్కర్లు అంటించొద్దు. ఐఎస్ఓని రెండు చోట్ల పెట్టండి, ఒకటి మీ హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఇంట్లో ఉండే చుట్టాల దగ్గర. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

డీవీడీ కంటే మంచి క్వాలిటీ ఇంకెక్కడన్నా దొరుకుతాదా?

దొరికే అవకాశం ఉంది, మినీ డీవీ క్యాసెట్. ఆ కాలంలో చాలా స్టూడియోలు వాటిమీదే తీసి, ఎడిట్ చేసి, డీవీడీకి కుదించి ఇచ్చేవి. క్యాసెట్‌లో వీడియో 25 ఎంబీపీఎస్, గంటకి దాదాపు 13 జీబీ, ఎడిటింగ్‌లో మింగేసిన అసలు సౌండుతో సహా. స్టూడియో వాళ్ళు ఆ క్యాసెట్ల మీదే మళ్ళీ వేరే పెళ్ళి తీసేసి ఉండొచ్చు, కానీ అడగడానికి ఏం పోతాది. దొరికితే ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత కంప్యూటరూ, క్యాసెట్ ఆడించే కెమెరా కూడా వెతుక్కోవాలి. నేను ఇట్ల ముగ్గురి కోసం అడిగితే ఒక్కరి క్యాసెట్లు మాత్రం రబ్బర్ బ్యాండ్ వేసి, మీద పెళ్ళికొడుకు పేరు రాసి, అట్లే ఉన్నాయి.